చిమ్టా

బిలాస్‌పూర్‌లో అర్పా నది దాటి సర్కండా వైపు వస్తే, బండి వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే ఇనప చట్రాన్ని మెకానిక్కులెవరూ స్వింగ్ ఆర్మ్ అనరు. చిమ్టా అంటారు. పొయ్యి మీద రొట్టె తిప్పే పట్టుకారుకి హిందీలో ఉన్న పేరే దీనికీ పెట్టేశారు. ఆ ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు ఇంట్లో పట్టుకారు అనే అంటారు, షెడ్డుకి వెళ్తే మాత్రం చిమ్టా అంటారు. పేరు అతికినట్టు సరిపోయింది కూడా: రెండు కాళ్లు, వాటి మధ్య చక్రం, కాళ్లు కలిసేచోట ఒక పొడుగాటి బోల్టు. ఆ బోల్టు ఆధారంగా చిమ్టా పైకీ కిందకీ ఆడుతుంది. గతుకొస్తే చక్రం లేస్తుంది, కూర్చున్నవాడు లేవడు.

ఇంత చిన్న సుఖం మోటార్ సైకిలు మీదికి రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది. దాన్ని తెచ్చినవాళ్లలో పెద్ద కంపెనీల ఇంజనీర్ల కంటే, ఇంటి వెనక షెడ్డులో సొంత బండిని కోసి అతికినవాళ్లే ముందున్నారు. కంపెనీలు వాళ్ల వెనక వచ్చాయి.

సర్కండా లాంటి చోట ఈ కథ చెప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఇది రైలు ఊరి పక్క పేట. రైలు ఊళ్లో స్ప్రింగు గురించి ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో పుట్టింది. నాగపూర్ నుంచి ఛత్తీస్‌గఢ్‌కి అప్పటికే ఉన్న మీటర్ గేజి లైనుని కొని బ్రాడ్ గేజి చేసింది. 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు కలిశాయి. 1902లో తూర్పు తీరపు లైనులో వాల్తేరు నుంచి కటక్ వైపున్న భాగం కూడా ఈ కంపెనీ చేతికే వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకీ బిలాస్‌పూర్‌కీ చుట్టరికం మొదలైంది అక్కడే. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయ్యాక, పార్వతీపురంలో రైలెక్కినవాడు అడవుల మీదుగా నేరుగా ఛత్తీస్‌గఢ్‌లో దిగే దారి ఏర్పడింది. గ్యాంగు పనికీ, లోకో షెడ్లకీ, వర్క్‌షాపులకీ మన ఉత్తరాంధ్ర మనుషులు ఈ లైన్లు పట్టుకునే వెళ్లారు. ఖరగ్‌పూర్‌లో తెలుగు వీధులు వెలిసిందీ, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు మాట వినిపించిందీ ఇలాగే. 1928లో ఈ కంపెనీ కార్మికుల సమ్మెకి నాయకత్వం వహించింది వి.వి. గిరి, తరవాత రాష్ట్రపతి అయినాయన. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడితే వాల్తేరు డివిజనూ బిలాస్‌పూర్ డివిజనూ ఒకే గొడుగు కిందకి వచ్చాయి. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే విడిగా ఏర్పడేదాకా విశాఖ మనిషికి బిలాస్‌పూర్ బదిలీ అంటే సొంత జోన్‌లో మరో చోటు, అంతే.

రైల్వే కాలనీ ఊరికి ఒక పక్క, సర్కండా అర్పాకి అవతలి ఒడ్డున. ఎండాకాలంలో ఇసుక తేలి, వానాకాలంలో ఒక్కసారిగా ఒరుసుకు వచ్చే నది అది. కోల్ ఇండియా అనుబంధ సంస్థ ఎస్.ఇ.సి.ఎల్. 1985లో ఏర్పడి, సీపత్ రోడ్డులో తన ప్రధాన కార్యాలయం పెట్టుకుంది. ఈ రోడ్డు మీదే సీపత్ థర్మల్ విద్యుత్ కేంద్రానికి వెళ్తారు. అటు బొగ్గు, ఇటు రైలు. ఇలాంటి ఊళ్లో ప్రతి వీధిలోనూ ఏదో ఒక వర్క్‌షాపులో పనిచేసిన చేయి ఉంటుంది. క్వార్టరులో ఉన్నంతకాలం వరండాలో గ్రైండరు తిప్పితే పక్కింటివాళ్లు ఊరుకోరు. సొంత ఇల్లూ, దాని వెనక నాలుగు గజాల ఖాళీ స్థలమూ అమరితే అక్కడికో వైసు వస్తుంది, తరవాత వెల్డింగ్ సెట్టు వస్తుంది, ఆ తరవాత ఎవరిదో ఒక బండి వస్తుంది.

రైలు పెట్టె కింద తొంగి చూసినవాడికి మోటార్ సైకిలు షాకబ్జరు కొత్తగా అనిపించదు. పెరంబూరులోని కోచ్ ఫ్యాక్టరీ 1955 నుంచి తయారుచేసిన నీలం, ఎర్ర రంగు పెట్టెల బోగీల్లో ఇరుసు పక్కన బలమైన చుట్ట స్ప్రింగులుంటాయి. ఆ స్ప్రింగు లోపల నూనె నిండిన గిన్నె, దానిలోకి దిగే ముషలం, ముషలానికి కన్నాలు. పెట్టె గతుక్కి కిందకి వస్తే నూనె కన్నాల్లోంచి బయటికి తన్నుకు రావాలి, ఆ తన్నులాటలోనే ఊపు చచ్చిపోతుంది. దీన్నే డాష్‌పాట్ అంటారు. నూనె కారిపోతే స్ప్రింగు ఒంటరిదై పెట్టె బంతిలా ఎగురుతుంది. మోటార్ సైకిలు షాకబ్జరులోనూ ఇదే నూనె, ఇవే కన్నాలు, కాకపోతే అంతా చెంబంత గొట్టంలో. స్ప్రింగు బరువు మోస్తుంది, నూనె ఊపు ఆపుతుంది. ఈ రెండు పనులూ వేరని తెలియనివాడు షాకబ్జరు మెత్తగా ఉంటే స్ప్రింగు మార్చమంటాడు. తెలిసినవాడు ముందు నూనె మరక కోసం వేలితో తడిమి చూస్తాడు.

మొదటి మోటార్ సైకిళ్లకి ఈ రెండూ లేవు. వెనక చక్రం సైకిలుకి ఉన్నట్టే చట్రానికి బిగించి ఉండేది. గతుకు దెబ్బంతా తోలు సీటు కింద ఉన్న రెండు స్ప్రింగుల మీద పడేది, మిగిలింది నడుం మీద. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం లెక్కలేనన్ని వాడిన బీఎస్ఏ ఎం20, నార్టన్ 16హెచ్ బళ్లు కూడా ఇలాంటివే. ముందు ఫోర్కుకి స్ప్రింగు ఉంటుంది, వెనక బిగుసుకుపోయిన ఇనుము. తోలేవాళ్లు అలవాటు పడిపోయారు. ఎద్దుబండి ఎక్కినవాడు ఇరుసుకి కమాను పట్టీలు లేవని ఏడుస్తాడా?

కంపెనీలకి వెనక స్ప్రింగు అంటే భయం కూడా ఉండేది. చక్రం పైకీ కిందకీ ఆడితే పక్కలకీ ఊగదా, మలుపులో బండి తూలదా, చైను ఒకసారి బిగిసి ఒకసారి వదులవదా? ఈ ప్రశ్నలు అబద్ధం కావు. మొదట్లో వచ్చిన చట్రాలు నిజంగానే మెలి తిరిగేవి. అయినా కొందరు మొండివాళ్లు ఆగలేదు. 1928లో ఇటలీలో జుసెప్పె గూజీ తన మోటో గూజీకి వెనక స్ప్రింగు చట్రం పెట్టి, ఇటలీ నుంచి నార్వే ఉత్తర కొస దాకా తోలుకెళ్లాడు. చట్రం విరగదని చూపించాలని. ఆ బండికి నోర్జె అన్న పేరు మిగిలింది. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫిలిప్ విన్సెంట్ అనే కేంబ్రిడ్జి విద్యార్థి తన సొంత డిజైనుకి పేటెంటు తీసుకున్నాడు. చిమ్టాని త్రికోణంగా మడిచి, దాని పై కొసని సీటు కిందకి తెచ్చి, స్ప్రింగులు అక్కడ దాచాడు. బయటినుంచి చూస్తే పాత చట్రంలాగే ఉండేది. జనం అనుమానించకుండా ఉండటానికి అది మంచిదే. ఈ త్రికోణాన్ని గుర్తుపెట్టుకోవాలి. నలభై ఐదేళ్ల తరవాత దాన్ని కొత్త కనుగోలులా ప్రపంచం చూస్తుంది.

యుద్ధం అయిపోయేసరికి కంపెనీలు సగం మనసుతో దారికొచ్చాయి. చాలామంది ప్లంజరు పెట్టారు. చిమ్టా లేదు, చక్రపు ఇరుసు రెండు నిలువు గొట్టాల్లో పైకీ కిందకీ జారుతుంది. ఆట రెండు అంగుళాలకి అటూ ఇటూ. ట్రయంఫ్ కంపెనీ ఇంకా వింతగా స్ప్రింగుల్ని చక్రం హబ్ లోపలే కుక్కింది. బిగించి కుక్కిన ఆ స్ప్రింగులు, ప్రత్యేక పరికరం లేకుండా విప్పినవాడి మొహం మీదికి దూకేవి. ఇంటి మెకానిక్కుకి ఇంతకంటే పెద్ద అవమానం ఏముంది: తన బండి తనే విప్పుకోలేకపోవడం.

చెకొస్లొవేకియాలో ఈ ప్లంజరుకి ముచ్చటైన పేరు దొరికింది. 1946లో వచ్చిన జావా 250ని అక్కడివాళ్లు పేరాక్ అని పిలిచారు. జర్మన్ల ఆక్రమణ నడిచిన రోజుల్లో ప్రాగ్ వీధుల్లో ఒక ‘స్ప్రింగు మనిషి’ గోడల మీంచి ఎగిరి దూకుతాడని జనం చెప్పుకునేవారు. అతని పేరే బండికి పెట్టేశారు. తరవాత వచ్చిన మోడల్‌లో ప్లంజరు తీసేసి చిమ్టా పెట్టారు. దాని ముద్దుపేరు కివాచ్కా, అంటే ఊగేది. ఈ ఊగేదే మన దేశానికి వచ్చింది. మైసూరులో ఐడియల్ జావా 1960లో ఏర్పడి, మరుసటేడు తయారీ మొదలుపెట్టింది. 1973 నుంచి యెజ్‌డీ పేరుతో అమ్మి, 1996లో మూతపడింది. ‘జావా’ అంటే మన ఊళ్లలో ఒక తరానికి బండి పేరే తప్ప కంపెనీ పేరు కాదు.

అసలు మలుపు మాత్రం ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్ట్‌లో వచ్చింది. తెచ్చినవాడు రెక్స్ మెక్‌కాండ్లెస్.

రెక్స్ పెద్దగా చదువుకోలేదు. చిన్నప్పుడే బడి మానేశాడు. యుద్ధకాలంలో సైనిక వాహనాల మరమ్మతు పనిలో ఉంటూ, తీరిక దొరికినప్పుడల్లా తమ్ముడు క్రోమీతో కలిసి మోటార్ సైకిళ్లు విప్పేవాడు. తన దగ్గరున్న ట్రయంఫ్ రేసు బండి గతుకుల మీద ఎందుకు అదుపు తప్పుతోందో అతన్ని వేధించింది. సమస్య ఇంజనులో లేదని, వెనక చక్రం నేల వదిలి గాలిలో గడిపే క్షణాల్లో ఉందని తేల్చుకున్నాడు. గాలిలో ఉన్న చక్రం బండిని తోయలేదు, ఆపలేదు, తిప్పలేదు. మరి దాన్ని నేలకి అంటుకునేలా చేయాలంటే? చట్రం వెనక భాగం కోసేసి, చిమ్టా పెట్టి, దాన్ని ఆపడానికి నూనె షాకబ్జర్లు నిలబెట్టాడు. ఆ షాకబ్జర్లు మోటార్ సైకిలువి కావు. సిట్రోయెన్ కారువి. దొరికినవి అవి, వాడినవి అవి. సర్కండాలో అయితే దీన్ని జుగాడ్ అంటారు.

1944లో అతను ఇదే ఆలోచనతో సొంతంగా ఒక బండి కట్టి దానికి బెనియల్ అని పేరు పెట్టాడు. తన తరవాతి పనికి అదే పునాది అయింది. అది నడిచిన తీరు చూసి స్నేహితులు తమ బళ్లూ అలా మార్చమన్నారు. అన్నదమ్ములు మార్పిడి సామగ్రిని కట్టగా కట్టి అమ్మడం మొదలుపెట్టారు. స్ప్రింగు లేని బండి తెస్తే, వెనక సగం కోసి, కొత్త సగం బిగించుకుపోవచ్చు. ఇవాళ ‘కన్వర్షన్ కిట్’ అంటున్నది అక్షరాలా అదే, ఎనభై ఏళ్ల కిందటిది.

అప్పటికి నార్టన్ కంపెనీ రేసు బళ్లు ప్లంజరు చట్రంతో నానా తంటాలు పడుతున్నాయి. ఆ చట్రాన్ని తోలేవాళ్లే గార్డెన్ గేటు అని ఎగతాళి చేసేవారు. అది తరచూ విరిగేది. బయటి మనిషి, డిగ్రీ లేని మనిషి కట్టిన చట్రాన్ని కంపెనీ చివరికి ఒప్పుకుంది. 1950 ఐల్ ఆఫ్ మ్యాన్ రేసులో మెక్‌కాండ్లెస్ చట్రం మీద నార్టన్లు సీనియరులోనూ జూనియరులోనూ మొదటి మూడు స్థానాలూ ఊడ్చుకుపోయాయి. సీనియర్ జెఫ్ డ్యూక్ గెలిచాడు, జూనియర్ ఆర్టీ బెల్ గెలిచాడు. హరాల్డ్ డానియెల్ అనే రేసరు దాన్ని తోలి దిగి, ఈకల పరుపు మీద పడుకున్నట్టుందన్నాడట. అప్పటినుంచి ఆ చట్రం పేరు ఫెదర్‌బెడ్.

ఇక్కడ వెల్డర్లు వినాల్సిన మాట ఒకటుంది. ఆ చట్రం కట్టిన రెనాల్డ్స్ 531 గొట్టం పలచటి మేలు రకం ఉక్కు. దాన్ని మామూలు ఆర్కుతో కాల్చి అతకలేదు. తక్కువ వేడిలో కంచు కడ్డీ కరిగించి కీళ్లు పోశారు. గొట్టాన్ని మరీ కాలిస్తే అతుకు నిలుస్తుంది, అతుకు పక్కనే ఇనుము పెళుసైపోయి విరుగుతుంది. ఈ పాఠం తెలియక ఎన్ని చిమ్టాలు రోడ్డు మీద విరిగాయో చెప్పలేం.

మన బుల్లెట్టు కథ దీనికి సమాంతరంగా నడిచింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ 1948లో చిమ్టా ఉన్న బుల్లెట్టు నమూనాని ట్రయల్స్ పోటీలో దింపింది. రాళ్లూ బురదా దాటే పోటీకి వెనక స్ప్రింగు పనికిరాదని తలపండినవాళ్లు నమ్మే రోజులవి. అదే ఏడు ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన ఆరు రోజుల అంతర్జాతీయ పోటీలో బుల్లెట్లు రెండు బంగారు పతకాలు తెచ్చాక వాళ్ల నోరు మూతపడింది. 1949లో బండి అమ్మకానికొచ్చింది, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి తయారీ మద్రాసుకి చేరింది. అందుకే స్వతంత్ర భారతంలో బండి అంటే మొదటినుంచీ వెనక రెండు షాకబ్జర్లున్న బండే. 1962లో ఎస్కార్ట్స్ తెచ్చిన పోలిష్ మూలం రాజ్‌దూత్ అయినా, 1985 హీరో హోండా సీడీ100 అయినా, అదే సంవత్సరం వచ్చిన యమహా ఆర్ఎక్స్100 అయినా, అటొకటి ఇటొకటి షాకబ్జరు తప్పనిసరి. పాలక్యాను ఒక పక్క, గడ్డిమోపు ఇంకో పక్క వేలాడేది ఆ రెండింటి మీదే. అరిగిన షాకబ్జరు మీద ముగ్గురు కూర్చుని వెళ్తుంటే మడ్‌గార్డు టైరుకి రాసుకుని వచ్చే కమురు వాసన మన రోడ్ల మీద పెరిగినవాళ్లెవరూ మరిచిపోరు.

రెండు తీసి ఒకటి పెట్టే ఆలోచన మళ్లీ ఒక తండ్రి షెడ్డులోంచే వచ్చింది. బెల్జియంలో లూసియన్ టిల్కెన్స్ అనే ఇంజనీరింగు అధ్యాపకుడు. కొడుకు మోటోక్రాస్ తోలేవాడు. గుట్టల మీంచి దూకే బండికి రెండు పక్కలా ఉన్న షాకబ్జర్ల ఆట చాలదని చూసి, సీజెడ్ బండిని కోసి చిమ్టాని త్రికోణం చేశాడు. పొడుగాటి షాకబ్జరు ఒక్కటే ట్యాంకు కిందకి వాల్చాడు. సీజెడ్ అంటే జావాకి చెల్లెలు, అదే చెక్ కుటుంబం. ఆ రూపం విన్సెంట్ 1928 త్రికోణమే. సుజుకీ చూసి వద్దనుకుంది. యమహా కొనుక్కుంది. 1973లో హకన్ ఆండర్సన్ ఆ పద్ధతి ఉన్న యమహా మీద 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. అప్పటినుంచి దాని పేరు మోనోషాక్.

మన సాదా రోడ్డు బళ్ల మీదికి అది రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్లు పట్టింది. 2004లో హోండా యూనికార్న్ ఒంటి షాకబ్జరుతో వచ్చింది. 2008లో యమహా ఆర్15, ఎఫ్‌జడ్ వచ్చాక కుర్రకారు చూపు మొత్తం వెనక చక్రం మీద పడింది. లావు టైరు, పక్కన ఏ గొట్టమూ లేని నున్నటి చిమ్టా. పాత పల్సరూ, బుల్లెట్టూ, ఆర్ఎక్స్100 దాని పక్కన నిలబడితే ముసలివాళ్లలా కనిపించసాగాయి. పాత ఇనుము కొట్టులో ప్రమాదానికి గురైన ఎఫ్‌జడ్ చిమ్టా దొరుకుతుంది. దాంతోపాటే దాని మోనోషాకూ దొరుకుతుంది. ఇంకేం కావాలి?

ఇంట్లో ఈ పని చేసే వరస ఎక్కడైనా ఒకటే. ఇంజను కింద చెక్క దిమ్మలు పెట్టి బండిని నిలబెడతారు. చక్రం, చైను, రెండు షాకబ్జర్లు ఊడతాయి. చిమ్టా బోల్టు మాత్రం అంత తేలిగ్గా రాదు. పదేళ్ల తుప్పు పట్టి ఉంటుంది. కిరోసిను పోసి రాత్రంతా వదిలేసి, తెల్లారి సుత్తితో మెల్లగా కొడతారు. బోల్టు తిరిగే బుష్ బయటికొచ్చేసరికి గుడ్డు ఆకారానికి అరిగి ఉంటుంది. చాలా బళ్లు తూలడానికి కారణం షాకబ్జరు కాదు, అరిగిన ఈ బుష్షే. అసలు తెలివైన మిస్త్రీ అయితే ఇక్కడే ఆగి, ఖరాదు దగ్గర గన్‌మెటల్ బుష్ కోయించి వేసి, రెండు కొత్త షాకబ్జర్లు బిగించి బండి ఇచ్చేస్తాడు. కానీ కుర్రాడు డబ్బు పట్టుకొచ్చింది బుష్ కోసం కాదు.

కొత్త చిమ్టాని తాడుతో కొలుస్తారు. ముందు చక్రం మధ్య గీతకి వెనక చక్రం మధ్య గీత ఒక దారం కింద పడాలి. అర సెంటీమీటరు తేడా వచ్చినా బండి పక్కకి లాగుతుంది. తరవాత పై మౌంటు. షాకబ్జరు పై కొస ఎక్కడ పట్టాలి? కొందరు సీటు కింద ఉన్న పలచటి గొట్టానికి చెవులు వెల్డు చేసేస్తారు. ఆ గొట్టం సీటు బరువు మోయడానికి పెట్టింది, షాకబ్జరు దెబ్బ తినడానికి కాదు. పాత బండిలో వెనక షాకబ్జర్లు సబ్‌ఫ్రేము కొసల్ని పైకి తోసేవి. మోనోషాకు అయితే చట్రం నడిబొడ్డున ఉన్న వెన్నుగొట్టాన్ని ముందుకు గుద్దుతుంది. దెబ్బ దారే మారిపోయింది. కాబట్టి ఆ దెబ్బని మోయడానికి మూలల్లో గసెట్ పలకలు, అడ్డ గొట్టాలు పెట్టాలి.

అంతకంటే పెద్ద పొరపాటు లెక్కలో జరుగుతుంది. దీనికి ఏతం గుర్తుచేసుకుంటే చాలు. ఏతం ఇరుసుకి ఎంత దూరంలో మనిషి నిలబడ్డాడన్నదాన్ని బట్టే బరువు తెలుస్తుంది. పాత బండిలో షాకబ్జర్లు దాదాపు చక్రం ఇరుసు దగ్గరే ఉంటాయి: చక్రం ఒక సెంటీమీటరు లేస్తే అవీ దాదాపు ఒక సెంటీమీటరు అణుగుతాయి. లెక్క సులువుగా ఉండటానికి, ఒక్కో స్ప్రింగు సెంటీమీటరు అణగడానికి 20 కిలోలు కావాలనుకుందాం. రెండూ కలిపి 40. ఇప్పుడు ఒకే షాకబ్జరుని చిమ్టా పొడవులో సరిగ్గా సగం దగ్గర పెట్టారు. చక్రం సెంటీమీటరు లేస్తే స్ప్రింగు అర సెంటీమీటరే అణుగుతుంది. పైగా దాని బలం చక్రం దగ్గరికి వచ్చేసరికి సగమే అవుతుంది. సగంలో సగం, అంటే పావు. పాత బిగువు రావాలంటే ఆ ఒక్క స్ప్రింగు సెంటీమీటరుకి 160 కిలోలు ఉండాలి. ‘రెండు తీసి ఒకటి పెడుతున్నాం కాబట్టి రెట్టింపు చాలు’ అనుకున్నవాడికి బండి పెళ్లికూతురి పల్లకీలా ఊగుతూ కిందికి కూలబడుతుంది. స్ప్రింగు గట్టిపడితే లోపలి నూనె తలుపులూ దానికి తగ్గట్టు బిగువవ్వాలి, లేకపోతే నూనె లేని డాష్‌పాట్ మీద రైలు పెట్టె ఎగిరినట్టే ఎగురుతుంది.

ఇంకో తిప్పలు శారీ గార్డు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవాళ్ల కోసం పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా రక్షణ ఉండాలంటుంది. కొన్ని బళ్లలో ఈ గార్డూ పిడీ షాకబ్జరు బోల్టునే ఆధారంగా చేసుకుని ఉంటాయి. షాకబ్జరు పోతే అవీ పోతాయి. అందంగా మారిన బండి మీద అమ్మ ఎక్కనంటుంది. ఆవిడ మాట ఆ షెడ్డులో ఎవరికీ పట్టదు గాని, ఆవిడే నిజమైన తనిఖీ అధికారి.

ప్రభుత్వం ఈ పెరటి పనిని ఎప్పుడూ పూర్తిగా ఒప్పుకోలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో మార్పుకి హద్దులు పెట్టింది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన నమూనాకి విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని తేల్చింది. అదే సంవత్సరం చట్ట సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని రాశారు. మెక్‌కాండ్లెస్ ఇవాళ బిలాస్‌పూర్‌లో ఉంటే బెనియల్‌ని రోడ్డెక్కించేవాడు కాదు. చట్టం చేసింది తప్పని అనడానికీ లేదు. రోడ్డు మీద విరిగిన చిమ్టా వెనక చక్రాన్ని లాగేసుకుపోతే ముందు వెళ్తున్నవాడికే కాదు, వెనక వస్తున్నవాడికీ చావే. కానీ ఒక్కటి మాత్రం కళ్లెదుట ఉంది: ఒకప్పుడు పేటెంటు ఆఫీసుకి దారి తీసిన పని ఇప్పుడు ఆర్టీవో ఆఫీసు బయట దాక్కుంటోంది.

ఈలోపు పెద్ద కంపెనీలు రంగు మార్చాయి. 2016లో వచ్చిన హిమాలయన్‌తో రాయల్ ఎన్‌ఫీల్డ్ తొలిసారి ఒంటి షాకబ్జరు పెట్టింది. రెండేళ్లకే అదే కంపెనీ ఇంటర్‌సెప్టర్ 650ని రెండు షాకబ్జర్లతో దింపింది, పాత రూపం మీద మోజుతో. పెరంబూరు కర్మాగారం పాత రకం పెట్టెల తయారీ 2018లో ఆపేసింది. బిలాస్‌పూర్ స్టేషనులో ఎర్ర ఎల్‌హెచ్‌బీ పెట్టెలు నిలబడితే, పాత డాష్‌పాట్లు చూసిన ఫిట్టరు వాటి కింద కొత్త రకం బోగీ వైపు వంగి చూడాల్సి వస్తుంది.

ఆర్ఎక్స్100 తయారీ 1996లోనే ఆగిపోయింది. 2018లో దాని పేరుతో తెలుగు సినిమా వచ్చాక, పాత బండి ధర ఆకాశాన్ని అంటిందని అమ్మేవాళ్లంతా చెబుతారు. ఇప్పుడు కొనేవాడు అడిగే మొదటి ప్రశ్న, అంతా ఒరిజినలేనా అని. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను మళ్లీ చేయించాలంటే ఇన్‌స్పెక్టరు ముందు అది కంపెనీ రూపంలో నిలబడాలి. అప్పట్లో ఎఫ్‌జడ్ చిమ్టా కోసం గ్రైండరుతో చెక్కిపారేసిన రెండు చెవులు, పక్కకి పడేసిన రెండు క్రోము షాకబ్జర్లు ఇప్పుడు మళ్లీ కావాలి. ఆ చెవులు కొత్తగా కోసి, పాత కొలతకి సరిగ్గా అతకడానికి, బండి మళ్లీ అదే పెరట్లోకి, అదే చెక్క దిమ్మల మీదికి వస్తుంది.